అన్నపానాల వరుసలో చేరని గాలి

జీవహింసను గురించి మన మతగ్రంథాలు చేసిన చర్చలో అత్యధిక భాగం చావు చుట్టూ తిరిగింది. కత్తి ఎవరు పట్టారు, ఎవరి కోసం పట్టారు, పట్టినవాడికి అంటిన పాపంలో తిన్నవాడి వాటా ఎంత అన్న ప్రశ్నలకు శాస్త్రకారులు తరతరాలుగా జవాబులు వెతికారు. మనుస్మృతి ఐదో అధ్యాయమైతే సరే అన్నవాడు, కోసినవాడు, చంపినవాడు, కొన్నవాడు, అమ్మినవాడు, వండినవాడు, వడ్డించినవాడు, తిన్నవాడు అంటూ ఎనిమిదిమందినీ ఒకే గాటన కట్టి ఘాతకులన్నది. ఈ లెక్కలో ప్రాణం పోయే క్షణం ఉంది గాని, ఆ క్షణానికి ముందు ఆ ప్రాణి బతికిన రోజులు లేవు. పెరట్లో తిరిగి, పెంటకుప్ప కెలికి, చీకటి పడితే చెట్టుకొమ్మ ఎక్కే కోడి విషయంలో ఆ రోజులను లెక్కలోకి తీసుకోవలసిన అవసరం ఎవరికీ తోచి ఉండదు. వేలకొద్దీ కోళ్లను ఒకే కప్పు కింద పెంచే షెడ్డు వచ్చాక ఆ అవసరం కలిగింది, ఎందుకంటే అక్కడ కోడి తినే దాణా, తాగే నీరే కాక పీల్చే గాలి కూడా మనిషి చేసి పెట్టినదే. తాను చేసి పెట్టిన గాలికి మనిషి ధర్మశాస్త్రం ప్రకారం ఏ మేరకు బాధ్యుడన్నది ఇక్కడి విచారం.

హింసను గురించిన వాదం తెనాలి ప్రాంతానికి కొత్తది కాదు. హేతువాది త్రిపురనేని రామస్వామి చౌదరి 1925లో తెనాలి పురపాలక సంఘానికి అధ్యక్షులై, గంగమ్మ జాతరలో ఆనవాయితీగా జరిగే జంతుబలిని నిషేధించారు. దానికి మూల్యంగా అవిశ్వాస తీర్మానంలో పదవి పోగొట్టుకున్నా, తిరిగి ఎన్నికయ్యారు. అదే తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలు మార్గంలోని భట్టిప్రోలులో 1892లో అలెగ్జాండర్ రే తవ్వకాల్లో బయటపడిన ధాతుకరండాలు, వాటిమీది బ్రాహ్మీ శాసనాలు క్రీస్తుకు పూర్వమే ఈ డెల్టాలో బౌద్ధం వేళ్లూనుకున్నదని సాక్ష్యం చెబుతున్నాయి. దీఘనికాయంలోని బ్రహ్మజాలసుత్తం భిక్షువు దానంగా పుచ్చుకోకూడని వాటిలో కోళ్లను, పందులను చేర్చగా, అంగుత్తరనికాయం ప్రాణుల వ్యాపారాన్ని, మాంస వ్యాపారాన్ని ఉపాసకుడు చేయరాని ఐదు వ్యాపారాల్లో చేర్చింది. రెండువేల ఏళ్ల ఎడంతో ఒకే నేలమీద నిలిచిన ఈ రెండు ధోరణుల్లో ఒకటి నిర్వాణాన్ని కోరింది, మరొకటి పురాణాలనే నిలదీసింది. అయినా రెండింటి అభ్యంతరం తీరు ఒకటే, ప్రాణిని చంపటం మీద, అమ్మటం మీద. జాతరలో బలి పదిమంది కళ్లెదుట జరుగుతుంది కనుక దాన్ని ఒక ఉత్తర్వుతో ఆపటానికి పూనుకోవచ్చు. గాలి చెడిపోవటం ఎవరి కళ్లెదుటా జరగదు.

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలు గోదావరి జిల్లాల మాదిరి కోళ్ల పరిశ్రమకు పేరుపడ్డవి కావు. కృష్ణా పశ్చిమ డెల్టా ప్రధానంగా వరి నేల. అయితే షెడ్డులోని గాలి కథ మొదలయ్యేది వరితోనే. మిల్లుల్లో ధాన్యం ఆడించగా మిగిలిన ఊకను షెడ్డు నేలమీద రెండు మూడు అంగుళాల మందాన పరుస్తారు; దీనినే లిట్టర్ అంటారు. బ్రాయిలర్, అంటే మాంసం కోసం పెంచే కోడి, ఒక్కరోజు పిల్లగా వచ్చిన నాటి నుంచి సుమారు ఆరు వారాలకు రెండు కిలోలకు పైగా తూగి లారీ ఎక్కే దాకా ఈ ఊకమీదే తింటుంది, ఈ ఊకమీదే రెట్ట వేస్తుంది, ఈ ఊకమీదే పడుకుంటుంది. ఎండ నేరుగా లోపలికి పడకుండా షెడ్డును తూర్పు పడమరలుగా కట్టి, పొడవు వైపుల గోడలకు బదులు ఇనుప వల బిగించి, దాని వెంట పరదాలు వేలాడదీస్తారు. ఎండాకాలంలో పరదాలు ఎత్తేసి ఉంటాయి కనుక డెల్టా గాలే షెడ్డు గాలి. చలి రాత్రుల్లోను, ముసురు రోజుల్లోను సంగతి వేరు. సూర్యలంక తీరానికి దగ్గరలో ఉన్న బాపట్ల గాలిలో తేమ మామూలుగానే ఎక్కువ. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అటువంటి రోజుల్లో పరదాలు దించుకుని కూర్చున్న షెడ్డులో ఊక చెమ్మగిల్లుతుంది, ఆపైన దాని పని అది మొదలుపెడుతుంది.

పక్షులు మూత్రాన్ని వేరుగా విసర్జించవు. వాటి దేహంలోని నత్రజని వ్యర్థం యూరిక్ ఆమ్లంగా, రెట్టమీద కనిపించే తెల్లని పూతగా బయటికి వస్తుంది. తడిసిన ఊకలోని సూక్ష్మజీవులు ఆ ఆమ్లాన్ని విడగొట్టి అమ్మోనియా అనే ఘాటైన వాయువును వదులుతాయి. తేమ, వేడి, క్షారగుణం పెరిగేకొద్దీ ఈ విడుదల పెరుగుతుంది. తడి పీలుస్తుందని ఊకలో సున్నం కలిపే అలవాటు ఫారాల్లో ఉంది. సున్నం తడిని తగ్గించే మాట నిజమే గాని, క్షారం కనుక ఊకలో అణగి ఉన్న అమ్మోనియాను గాలిలోకి తరిమేది కూడా అదే, అందుచేత మంచి ఉద్దేశంతో చేసిన పని మూసిన పరదాల మధ్య చెడుగా పరిణమించవచ్చు. పదిలక్షల పాళ్ల గాలిలో ఒక పాలును ఒక పీపీఎం అంటారు. అమ్మోనియా 25 పీపీఎం దాటకూడదన్నది కోళ్ల పెంపకంలో చాలాకాలంగా ఉన్న హద్దు. ఆ పైన కోడి శ్వాసనాళం లోపలి గోడమీద దుమ్మును బయటికి నెట్టే సన్నని నూగు దెబ్బతింటుంది, కళ్లు మంటపుట్టి మూసుకుపోతాయి, కొక్కెర తెగులు వంటి శ్వాసవ్యాధులకు దారి తెరుచుకుంటుంది. దీనికి తోడు ఈకల పొడి, చర్మపు పొట్టు, దాణా పిండి, ఎండిన రెట్ట కలిసిన దుమ్ము; ఆ దుమ్మును అంటిపెట్టుకుని ఎండోటాక్సిన్లు, అంటే కొన్ని రకాల బ్యాక్టీరియా పైపొర నుంచి రాలి ఊపిరితిత్తులను వాపు పెట్టించే పదార్థాలు; బూజుపట్టిన ఊక నుంచి లేచే ఆస్పర్జిల్లస్ బీజాలు. బ్రూడింగ్‌లో, అనగా పిల్లలను వెచ్చగా ఉంచే తొలి రోజుల్లో, బొగ్గుల కుంపటి పెట్టి గాలి ఆడనివ్వకపోతే వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ అనే మరో ప్రమాదం చేరుతుంది.

ఈ గాలిని పీల్చే దేహం నిర్మాణం కూడా వేరే తీరుది. మనిషి ఊపిరితిత్తుల్లో గాలి వచ్చిన దారినే వెనక్కి పోతుంది; కోడి దేహంలోనైతే తొమ్మిది గాలి సంచులు కమ్మరి కొలిమితిత్తుల్లా పనిచేస్తూ గాలిని ఊపిరితిత్తుల గుండా ఒకే దిశలో నడిపిస్తాయి, వాటిలో కొన్ని ఎముకల బోలులోకి కూడా చొచ్చుకుపోతాయి. పీల్చేటప్పుడూ వదిలేటప్పుడూ ఊపిరితిత్తులకు కొత్త గాలి తగిలే ఈ ఏర్పాటు ప్రాణవాయువును ఎంత సమర్థంగా అందిస్తుందో విషవాయువును కూడా అంత సమర్థంగానే అందిస్తుంది. బ్రిటన్ బొగ్గు గనుల్లో 1986 దాకా కానరీ పిట్టలను కాపలాకు ఉంచుకోవటానికి ఇదొక కారణం. తైత్తిరీయోపనిషత్తు దేవతలను, మనుష్యులను, పశువులను ఒకే వరుసలో నిలిపి, ముగ్గురూ ప్రాణాన్ని అనుసరించే బతుకుతున్నారన్నది. బృహదారణ్యక, ఛాందోగ్యాలు చెప్పిన ఇంద్రియాల తగవులో కన్ను వెళ్లిపోయినా చెవి వెళ్లిపోయినా నిలిచిన దేహం ప్రాణం కదలబోయేసరికి నిలవలేకపోయింది. పంచభూత లింగాల్లో వాయులింగం వెలసిన శ్రీకాళహస్తి ఆంధ్రదేశంలోనే ఉంది. గాలిని ఇంతగా కొలిచిన సంప్రదాయాలు, ఒక ప్రాణి గాలిని చెడగొట్టటం హింస అని విడమరిచి ఎందుకు చెప్పలేదన్నది న్యాయమైన సందేహం.

ఈ సందేహానికి సమాధానం జైనుల జాబితా ఒకదానిలో దొరుకుతుంది. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రం గృహస్థుడి అహింసావ్రతానికి ఐదు అతిచారాలను, అంటే వ్రతం పూర్తిగా భంగపడకపోయినా దానికి మచ్చ తెచ్చే తప్పులను పేర్కొన్నది: కట్టివేసి ఉంచే బంధం, కొట్టి బాధించే వధ, అవయవాలను కోసే ఛేదం, మోయలేని బరువు మోపే అతిభారారోపణం, తిండీ నీళ్లూ ఆపే అన్నపాననిరోధం. ఈ ఐదూ ప్రాణిని చంపటం గురించి చెప్పినవి కావు, ప్రాణిని ఉంచుకోవటం గురించి చెప్పినవి. చావు చుట్టూ తిరిగిన చర్చకు ఇది అరుదైన మినహాయింపు. గుడ్ల కోడి పంజరం బంధం కిందికి, దాని ముక్కు కొస కత్తిరించటం ఛేదం కిందికి వస్తాయని చెప్పటానికి పెద్ద పాండిత్యం అక్కరలేదు. కాళ్లు తట్టుకోలేనంత వేగంగా ఒళ్లు పెరిగేలా జాతిని తీర్చిదిద్దటం అతిభారారోపణమే అవుతుందా అన్నది కొంచెం చర్చించవలసినదే, ఎందుకంటే ఆ బరువు పైనుంచి వేసింది కాదు, లోపలినుంచి పెంచింది. అన్నపాననిరోధం మాత్రం షెడ్డుకు వర్తించేలా కనబడదు. అక్కడ దాణా, నీరు వేళాపాళా లేకుండా సిద్ధంగా ఉంటాయి.

జాబితాలో గాలి లేదు. గాలే దేహంగా గల వాయుకాయ జీవులున్నాయని నమ్మి, మాట్లాడేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకునే సంప్రదాయం కూడా గాలిని గురించి గృహస్థుడిని హెచ్చరించలేదంటే, దానికి దయ చాలకపోవటం కారణం అనటానికి వీల్లేదు. తిండి, నీరు యజమాని పెడితేనే కట్టివేసిన పశువుకు అందుతాయి, కాబట్టి అవి ఆపటం అతడి కర్మ అవుతుంది. గాలి ఎవరూ పెట్టకుండానే అందేది, దాన్ని ఆపటమన్నది ఊహకు రాని పని. దించిన పరదా ఈ పరిస్థితిని మార్చింది. కొత్తగా వస్తున్న పూర్తిగా మూసిన షెడ్లలో, ఒక కొస తడి ప్యాడ్ల గుండా లోపలికి వచ్చిన గాలిని మరో కొసన పెద్ద ఫ్యాన్లు లాగుతాయి; ఎండాకాలంలో కరెంటు పోయి జనరేటర్ అందుకోకపోతే బ్యాచ్ మొత్తం కొద్దిసేపట్లోనే ప్రమాదంలో పడుతుంది. అటువంటి చోట గాలి ప్రకృతి ఇచ్చేది కాదు, స్విచ్చి వేసినవాడు ఇచ్చేది. తిండిని, నీళ్లను ఏ కారణం చేత ఐదో అతిచారంలో చేర్చారో ఆ కారణమే గాలికీ పట్టిన తరువాత, వాయునిరోధం కూడా అందులో చేరవలసినదే. ఇందుకు కొత్త సూత్రం రాయనవసరం లేదు, ఉన్న సూత్రాన్ని చివరిదాకా చదివితే చాలు.

మహాభారతం శాంతిపర్వంలోని ఒక ఉపాఖ్యానం ఈ చదువుకు బలమిస్తుంది. జాజలి అనే తపస్వి కదలకుండా నిలబడితే పిట్టలు అతడి జడల్లో గూడు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లలకు రెక్కలొచ్చి ఎగిరిపోయాయి. తనంతటి ధర్మాత్ముడు లేడని పొంగిపోయిన అతణ్ణి అశరీరవాణి కాశీలో సరుకులు తూచి అమ్ముకునే తులాధారుడి దగ్గరికి పంపింది. పశువుల ముక్కులు గుచ్చటాన్ని, కట్టివేయటాన్ని, బరువులు మోయించటాన్ని తప్పుపడుతూ తులాధారుడు మరొక మాట కూడా అంటాడు: ఈగలు, దోమలు లేని చోట సుఖంగా పెరిగిన పశువులను, అవి తమ తల్లులకు ప్రియమైనవని తెలిసి కూడా, జనం ఈగలు ముసిరే బురద నేలలకు తోలుకుపోతారని. ప్రాణిని ఎటువంటి చోట ఉంచామన్నదే ఒక ధర్మప్రశ్న అని ఇంత సూటిగా చెప్పిన మాటలు మన వాఙ్మయంలో తక్కువ. కోళ్ల ఫారాన్ని అంచనా వేయటానికి జాజలి మార్గం పనికిరాదు, ఎందుకంటే ఫారం యజమాని కదలకుండా నిలబడితే పిల్లలు చస్తాయి. అతడికి కావలసింది తులాధారుడి త్రాసు.

చట్టాలు కూడా ఇంచుమించు ఇదే దారిలో, ఇంతే ఆలస్యంగా నడిచాయి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం పదకొండో సెక్షన్ చాలినంత తిండి, నీరు, నీడ ఇవ్వని యజమానిని, కదలటానికి వీల్లేని పంజరంలో ప్రాణిని ఉంచేవాడిని శిక్షార్హులను చేసింది. అందులో గాలి ప్రస్తావన లేదు. 2014 మే 7న నాగరాజ కేసులో సుప్రీంకోర్టు ఆకలిదప్పులు, అసౌకర్యం, నొప్పి, భయం మొదలైన వాటినుంచి జంతువులకు ఉండవలసిన ఐదు స్వేచ్ఛలను గుర్తించింది. 2017లో లా కమిషన్ తన 269వ నివేదికను ప్రత్యేకించి గుడ్ల కోళ్లు, బ్రాయిలర్ల వసతి, రవాణాలకే కేటాయించింది. యూరోపియన్ యూనియన్ 2007లో చేసిన ఆదేశం, కోళ్లను ఎక్కువ సాంద్రతలో పెంచేచోట అమ్మోనియా 20 పీపీఎం, బొగ్గుపులుసు వాయువు 3000 పీపీఎం దాటరాదని చెబుతూ, ఆ కొలత కోడి తల ఎత్తులో తీయాలని నిర్దేశించింది. ఆ చివరి షరతు పెట్టినవారు ధర్మశాస్త్రం చదివారో లేదో గాని, ఎవరి బాధనైనా వారి ఎత్తుకు వంగి కొలవాలన్న సంగతి గ్రహించారు.

వంగకపోతే ఏమవుతుందన్నది ప్రమాణశాస్త్రం, అంటే ఏది ఎలా తెలుస్తుందో విచారించే శాస్త్రం, చెప్పవలసిన విషయం. బయటినుంచి వచ్చినవాడికి గుమ్మంలోనే కళ్లు మండిస్తున్న ఘాటు లోపల పొద్దస్తమానం పనిచేసేవాడికి తెలియదు, ముక్కు అలవాటుపడిపోతుంది. ఈశ్వరకృష్ణుడు సాంఖ్యకారికల్లో ఏడో దానిలో, ఉన్న వస్తువు కూడా ఇంద్రియానికి అందకపోవటానికి ఎనిమిది కారణాలు చెప్పాడు: మరీ దూరం, మరీ దగ్గర, ఇంద్రియం దెబ్బతినటం, మనసు నిలకడ లేకపోవటం, వస్తువు సూక్ష్మత, అడ్డు ఉండటం, బలమైనది కప్పివేయటం, తనవంటి వాటిలో కలిసిపోవటం. షెడ్డులో వీటిలో సగం ఒకేసారి పనిచేస్తాయి. స్వచ్ఛమైన గాలికి వాసన లేదని, వాసన పృథివి గుణమని, గాలిలో వాసన వచ్చిందంటే పృథివీ కణాలు కలిశాయని వైశేషికులన్నారు. అమ్మోనియా దగ్గర ఈ సిద్ధాంతం నిలవదు గాని, ఫారం వాసనలో కొంత దుమ్ము కణాలను పట్టుకుని ప్రయాణిస్తుందన్న నేటి పరిశీలన దగ్గర ముచ్చటగా సరిపోతుంది. ప్రత్యక్షం కుంటుపడిన చోట అనుమానమే, అంటే గుర్తును బట్టి ఊహించటమే, ప్రమాణం. అనుభవం గల రైతు షెడ్డు నడిమధ్య కూర్చుని పిడికెడు ఊక తీసి గట్టిగా నొక్కి వదులుతాడు. ముద్దగా నిలిచిపోతే తడి ఎక్కువైనట్టు, అసలు అంటుకోకుండా రాలిపోతే దుమ్ము లేచేంత పొడిగా ఉన్నట్టు, కాస్త అంటుకుని మెల్లగా విరిగితే సరిగ్గా ఉన్నట్టు. రాత్రి లైట్లు ఆర్పాక కోళ్ల గొంతుల్లోంచి వచ్చే గురక వినటం మరొక అనుమానం. ఆ గురక వినటానికి ఆగినవాడికే అది ప్రమాణమవుతుందనుకోండి.

తెలిసిన తరువాత ఏం చేయాలన్నది అంత తేలిక కాదు. ధనుర్మాసపు రాత్రి, వారం దాటని పిల్లలకు 32 డిగ్రీలకు అటూఇటూ వేడి కావాలి. పరదా తెరిస్తే అవి చలికి ఒకదానిమీద ఒకటి పడి అడుగునున్నవి ఊపిరాడక చస్తాయి, మూస్తే అమ్మోనియా పేరుకుంటుంది. ఈ ధర్మసంకటంలో స్వార్థం, దయ ఎదురెదురుగా లేవు; పిల్లకు చేసే ఒక మేలు, అదే పిల్లకు చేసే మరొక మేలు ఎదురెదురుగా ఉన్నాయి. వేడెక్కిన తేమ గాలి పైకి లేస్తుంది కనుక పరదా పైభాగంలో కొంత సందు వదలటం, ఊకను తిరగేయటం, నీటి గొట్టాల కారుబాటు ఆపటం వంటివి దీనికి పని తెలిసినవారు కనిపెట్టిన మధ్యేమార్గాలు. వీటిలో ప్రతిదానికీ నిద్ర మానుకున్న మనిషి ఒకడు కావాలి.

ఆ మనిషి ఎవరన్నది మరో చిక్కు. నేటి ఒప్పంద పెంపకంలో పిల్ల కంపెనీది, దాణా కంపెనీది, మందులు కంపెనీవి. షెడ్డు, కూలి, కరెంటు రైతువి, అతడికి ముట్టేది కిలోకు ఇంతని పెంపకపు కూలి. ఈ పంపకంలో గాలి ఎవరి పద్దులోనూ రాయబడదు గాని, పరదా తాడు రైతు చేతిలో ఉంది కాబట్టి నిజానికి రైతు సమకూర్చే ప్రధానమైన సరుకు గాలే. యోగసూత్రాలు హింసను తాను చేసినది, ఒకరిచేత చేయించినది, ఒప్పుకుని ఊరుకున్నది అని మూడు రకాలుగా విడదీశాయి. తక్కువ కూలి ఇచ్చి ఎక్కువ కోళ్లను దింపమనే కంపెనీ రెండోదానిలో, చవక కోరే కొనుగోలుదారు మూడోదానిలో పడతారని చెబితే రైతు భారం కొంత తగ్గుతుందే గాని తీరిపోదు. చెడ్డ గాలిలో కోడి సరిగా ఎదగదు కాబట్టి లాభాపేక్షే గాలిని బాగుచేస్తుందని, మధ్యలో మతమెందుకని ఒక వాదం ఉంది. ఇది కొంత దూరం నిజం. అయితే మేత ఖర్చుకు బరువు గిట్టుబాటయ్యే హద్దు, కోడి కన్ను మండటం మొదలయ్యే హద్దు ఒకటి కావు. బ్యాచ్ ఎత్తేసే ముందు చివరి నాలుగు రోజుల్లో గాలి కోసం పెట్టే ఖర్చు తిరిగిరాదు కూడా. ఆ రెండు హద్దుల నడిమి జాగాలో లాభం నోరెత్తదు, అక్కడ మాట్లాడవలసింది ధర్మమే.

గుడ్డు విషయంలో ఈ దృష్టి మరింత ఇబ్బంది పెడుతుంది. పుంజు తోడులేని గుడ్డు పిల్ల కాదు కనుక, పాలు తాగేవాడికి అది నిషిద్ధం కానక్కరలేదని గాంధీ తన ఆరోగ్య గ్రంథంలో వాదించారు, ఆ తర్కం మీదే గుడ్డును శాకాహారమనేవారు నేడు చాలామంది. చావును ప్రమాణంగా పెట్టుకుంటే ఆ వాదం బాగానే నిలుస్తుంది. ఊపిరిని ప్రమాణంగా పెట్టుకుంటే వరుస తారుమారవుతుంది: బ్రాయిలర్ ఆ గాలిని సుమారు ఆరు వారాలు పీలుస్తుంది, గుడ్ల కోడి అడుగున నెలల తరబడి పెంట పేరుకుపోతున్న పంజరాల వరుసల్లో ఏడాదికి పైగా పీలుస్తుంది. మాంసం ముట్టనివాడు గుడ్డు తిని తాను తేలికగా బయటపడ్డాననుకోవటానికి ఈ లెక్క ఒప్పుకోదు.

పెంపకంలో మనిషి కూడా ఉన్నాడు. అమెరికాలో వృత్తి ఆరోగ్య పరిశోధక సంస్థ అమ్మోనియాకు సిఫారసు చేసిన హద్దు 25 పీపీఎం, పనిదినంలో సగటున; పని ముగిశాక మనిషి మంచి గాలిలోకి వెళ్లిపోతాడన్న ఊహ అందులో ఉంది. కోడికి పని ముగియటం అన్నది లేదు. షెడ్డు కొసన కట్టిన గదిలోనే సంసారం చేస్తూ, రాత్రి పరదాలు చూసుకునే కూలీకి కూడా లేదు. ఎండోటాక్సిన్లు నిండిన దుమ్ము అతడి పిల్లల ఊపిరితిత్తుల్లోకి కూడా పోతుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో సవరించిన మార్గదర్శకాలు 5,000 కోళ్లకు మించిన ఫారాలను అనుమతుల పరిధిలోకి తెచ్చి, జనావాసాలకు 500 మీటర్ల ఎడం ఉండాలన్నాయి. ఊరికి వాసన, ఈగలు పోకుండా చేసిన ఏర్పాటు అది. ఆ కొలత షెడ్డు నుంచి ఊరివైపు తీసేది కనుక, షెడ్డు గోడనానుకుని ఉన్న గది అందులో జనావాసంగా లెక్కకు రాదు. బంధం, వధ మొదలైన ఐదు తప్పులను జైన వ్యాఖ్యాతలు పశువుల విషయంలోనే కాక మనుషుల విషయంలోనూ తప్పులుగానే వివరించారు, కాబట్టి ఐదో దానిలో గాలిని చేర్చేవారు ఆ గదిని కూడా చేర్చక తప్పదు.